ట్రాక్టరు వెనుక చదును బ్లేడు: గ్రామమున తయారు చేసికొను విధము

తొలకరి వానలు కురిసినంతనే రైతునకు సంతోషము కలుగును. ఆ వెంటనే యొక దిగులును కలుగును. ఆ దిగులు బాటను గూర్చినది. చేను పండును, పంట చేతికి వచ్చును. కాని చేనినుండి ఊరికి దానిని చేర్చు త్రోవ మోకాలిలోతు బురదయై యుండును. కొన్నిచోట్ల పుంతయనియు, కొన్నిచోట్ల డొంకయనియు, తెలంగాణమున బండ్లబాటయనియు పిలువబడు ఈ మట్టిత్రోవల మీదుగానే మన ధాన్యమును, ప్రత్తియు, మిరపయు, చెరకును బయటికి రావలయును. తారురోడ్డు ఊరి మొగవరకు వచ్చినను చేని గట్టువరకు రాదుగదా! బండి దిగబడినచోట కూలి రెట్టింపగును. తడిసిన ధాన్యమునకు తేమ పేరున ధర తగ్గును. కోసిన చెరకు నిలిచిన కొలది బరువును, తీపియు తగ్గును. చేనియొద్ద పాము కరచినవానిని ఆసుపత్రికి చేర్పవలసి వచ్చినపుడు ఈ బాట విలువ ఎంతయో చెప్పనక్కరలేదు.

ఈ కష్టమునకు వాన కారణమని మనమందుము. ఆలోచించి చూచినచో, కురిసిన వానకంటె నిలిచిన నీరే మనకు శత్రువు. ట్రాక్టరు చక్రములు త్రొక్కిన గాడిలో నీరు నిలుచును. నిలిచిన నీరు మట్టిని మెత్తపరచును. మెత్తబడిన గాడి మఱుసటి చక్రమునకు మఱింత లోతగును. ఈ గాడులను పూడ్చి, బాట నడుమ ఎత్తును, అంచుల వైపు వాలును కల్పించి, నీటిని ప్రక్కకాలువలోనికి త్రోవపట్టించు సాధనమునే మేమిచ్చట చదును బ్లేడు అనుచున్నాము. దీనిని గ్రామములోని వెల్డింగు పనివాని చేతను, కమ్మరి చేతను చేయించుకొన వీలున్నది. దాని తయారును, వాడుకను, అందలి ప్రమాదములను సంఘ సభ్యుల యెదుట నుంచనెంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పూర్వ దృష్టాంతము

ఈ పనికి లక్షల వెలగల పెద్ద యంత్రములే కావలయునను తలంపు మనలో పెక్కుమందికి కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో, మిస్సోరీ రాష్ట్రమందలి మేట్‌లండ్ అను ఊరివద్ద, డి. వార్డు కింగు అను రైతు ఉండెను. 1896 ప్రాంతమున ఆయన తన యూరి మట్టిబాటను బాగుచేయుటకు గుఱ్ఱములచే లాగబడు ఒక సాధనమును వాడసాగెను. అది మిక్కిలి సులభమైనది. ఒక మ్రానును నిలువునా రెండుగా చీల్చి, ఆ రెండు చీలికలను 30 అంగుళముల యెడముతో నిచ్చెనవలె బిగించి, బాటమీద ఏటవాలుగా లాగించుటయే. అందలి కిటుకు మ్రాను బరువున లేదు. వాన వెలిసి మట్టి పదునుమీద నున్నపుడే, ప్రతి వానకును తప్పక, ఒక్కమారు లాగుటయందున్నది. ఈ పద్ధతి బహుళముగా వ్యాపింపగా, 1908 లో అమెరికా వ్యవసాయశాఖవారు రైతుల కొఱకు దీనిని గూర్చి యొక చిన్న పుస్తకమును ప్రకటించిరి.

మన దేశమున ఈ భావము క్రొత్తది కాదు. గుంటక పాస నేలపై పొరను కోయుచు పోవుటయు, దమ్ముచేసిన మడిలో మానును తోలి చదును చేయుటయు మనకు తరతరములుగా తెలిసిన పనులే. బ్లేడు ఆ రెంటికిని కలిపిన రూపము. ఎడ్లకు బదులు ట్రాక్టరు వచ్చినది, అంతే భేదము. ట్రాక్టరు వెనుక పనిముట్టును మూడుచోట్ల తగిలించి నూనె యొత్తిడితో ఎత్తు పద్ధతిని ఐర్లండు దేశమున పుట్టిన హారీ ఫెర్గూసన్ (1884–1960) రూపొందించెను. 1939 లో ఫోర్డు ట్రాక్టరుతో కూడి అది లోకమున విస్తారముగా వ్యాపించెను. నేడు మన పొలములలో తిరుగు ట్రాక్టరులన్నిటికిని దాదాపు ఆ పద్ధతియే ఆధారము. కావుననే ఒక గ్రామమున చేసిన పనిముట్టు మఱియొక గ్రామపు ట్రాక్టరునకును తగులును. కొలతలు మాత్రము సరిగా నుండవలెను.

తగిలింపు కొలతలు

తగిలింపు కొలతలకు అంతర్జాతీయ ప్రమాణములు కలవు. మొదటి తరగతి తగిలింపునకు క్రింది లింకుల పిన్నులు 22 మిల్లీమీటర్ల లావును, పైలింకు పిన్ను 19 మిల్లీమీటర్ల లావును ఉండవలెను. క్రింది పిన్నుల మొదళ్ల నడుమ యెడము 683 మిల్లీమీటర్లు. క్రింది పిన్నుల వరుసనుండి పైపిన్నునకు ఎత్తు 460 మిల్లీమీటర్లు. రెండవ తరగతికి క్రింది పిన్నులు 28 మిల్లీమీటర్లు, పైపిన్ను 25 మిల్లీమీటర్లు, యెడము 825 మిల్లీమీటర్లు, ఎత్తు 610 మిల్లీమీటర్లు. తమ ట్రాక్టరు ఏ తరగతిదో గొఱ్ఱు పిన్నులను కొలిచి చూచినచో వెంటనే తెలియును. కంటిచూపుతో చేసిన తగిలింపు వంకరగా కూర్చుండి, బ్లేడును ఒకవైపునకు ఈడ్చి, లింకులను పాడుచేయును. కావున ఇనుము కొనుటకు ముందే ఈ నాలుగు కొలతలను కాగితముమీద వ్రాసికొనవలెను.

బ్లేడు పొడవు ట్రాక్టరు వెనుక చక్రముల వెడల్పును బట్టి నిర్ణయింపబడును. బ్లేడును నేరుగా గాక ఏటవాలుగా నడుపుదుము గావున, ఏటవాలు పెరిగిన కొలది అది కప్పు వెడల్పు తగ్గును. 7 అడుగుల బ్లేడు 30 డిగ్రీల ఏటవాలున ఇంచుమించు 6 అడుగుల వెడల్పును, 45 డిగ్రీల ఏటవాలున ఇంచుమించు 5 అడుగుల వెడల్పును మాత్రమే కప్పును. వెనుక చక్రముల బయటి యంచుల నడుమ 6 అడుగులు గల ట్రాక్టరునకు 7 అడుగుల బ్లేడు తగియుండును. అంతకంటె పొట్టిదైనచో చక్రము త్రొక్కిన గాడి చెఱగక మిగిలిపోవును.

కావలసిన సామగ్రి

పలక: బ్లేడు పలక చదునుగా నుండరాదు, నాగలి రెక్కవలె వంపు కలిగియుండవలెను. వంపున్నపుడే మట్టి దొర్లుచు ప్రక్కకు పోవును. లేనిచో ముందు కుప్పవడి ట్రాక్టరును ఆపును. వంపును కల్పించుటకు సులభమైన యుపాయము లావుపాటి ఇనుప గొట్టమును వాడుట. 500 మిల్లీమీటర్ల వ్యాసమును, 8 మిల్లీమీటర్ల మందమును, 7 అడుగుల పొడవును గల గొట్టమును నిలువునా మూడు సమభాగములుగా కోసినయెడల, ఒక్కొక్క భాగము 43 సెంటీమీటర్ల ఎత్తుగల చక్కని పలకయగును. దాని బరువు 70 కిలోగ్రాములకు దగ్గరగా నుండును. ఒక గొట్టమున మూడు బ్లేడులగునని సభ్యులు గమనింతురుగాక. ఈ విషయమును వ్యాసము చివర మరల ప్రస్తావింతుము.

అంచు పట్టీ: నేలను తాకునది పలక కాదు, దాని క్రింద బిగించిన అంచు పట్టీ. ఇది గట్టి ఉక్కుతో చేసినదై యుండవలెను. రోడ్డు పనులలో వాడు గ్రేడరు యంత్రముల అంచు పట్టీలు రంధ్రములతో సహా బజారున దొరకును. 6 అంగుళముల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందము చాలును. లారీల పాత కమాను పట్టీలనుకూడ వాడవచ్చును. ఏది వాడినను పలకకు వెల్డింగు చేయక, తల మునిగియుండు బోల్టులతో బిగింపవలెను. గట్టి ఉక్కును తగిన వేడిమి నీయక అతికించినచో అతుకుప్రక్కనే పెళుసై పగులును. బోల్టులతో బిగించిన పట్టీని ఒకవైపు అరిగిన పిమ్మట తలక్రిందుగా త్రిప్పి రెండవవైపు వాడుకొన వీలగును, ఆయువు రెట్టింపగును. రైలు పట్టాల ముక్కలను ఎవరైన చౌకగా అమ్మజూపినచో వానిని ముట్టరాదు. రైల్వే సామగ్రిని అక్రమముగా కలిగియుండుట 1966 నాటి చట్టము ప్రకారము నేరము.

తిరుగుడు పళ్లెము: బ్లేడును కావలసిన ఏటవాలున నిలుపుటకు 12 మిల్లీమీటర్ల మందము, 360 మిల్లీమీటర్ల వ్యాసము గల రెండు గుండ్రని పళ్లెములు కావలయును. ఒకటి చట్రమునకు, రెండవది పలకకు అతుకబడును. రెంటి నడుమ 50 మిల్లీమీటర్ల లావుగల ఇరుసు ఉండును. కేంద్రమునుండి 150 మిల్లీమీటర్ల దూరమున వృత్తముగా 15 డిగ్రీలకొకటి చొప్పున రంధ్రములు వేసి, ఒక బోల్టుతో బంధించినచో బ్లేడు ఆ కోణమున నిలుచును.

చట్రము: 100 మిల్లీమీటర్ల చదరపు బోలు దూలము, 6 మిల్లీమీటర్ల మందముది, ఇంచుమించు రెండున్నర మీటర్లు కావలయును. ఇందుండి నడిమి దూలమును, అడ్డుదూలమును, పైలింకునకు నిలువు స్తంభములను చేసికొనవచ్చును. అన్నియు కలిసి పనిముట్టు మొత్తము బరువు 200 కిలోగ్రాములకు అటునిటుగా నుండును. ఇనుము కిలో లెక్కన అమ్ముదురు గావున, కొనుటకు ముందు ఈ బరువులను వేసికొని, తమ యూరి ధరతో గుణించి చూచినచో ఖర్చు తేటపడును. ఆ మొత్తమును బజారునందలి తయారైన బ్లేడు వెలతో పోల్చి చూడవలెను. వ్యత్యాసము స్వల్పమైనయెడల తయారైనదానిని కొనుటయే మేలని మా యభిప్రాయము.

తయారు క్రమము

గొట్టమును కోయునపుడు ఒక గీతను మొదటినుండి చివరవరకు ఒకేమారు కోయరాదు. వేడికి గొట్టము మెలికపడును. అడుగు కోసి రెండంగుళములు విడిచి, మరల అడుగు కోసి, చివరకు విడిచిన ముక్కలను కోయవలెను. కోసిన పలక వెనుక, నడుమ రెండును, కొనలయందు ఒక్కొక్కటియు, మొత్తము నాలుగు ఇనుప పక్కలను వంపునకు సరిపోవునట్లు కోసి అతికింపవలెను. పిదప తిరుగుడు పళ్లెమును నడుమనున్న రెండు పక్కలమీదుగా కూర్చవలెను.

తగిలింపు చెవులను అతికించునపుడు రెండు క్రింది పిన్నులును ఒకే వరుసలో నుండునట్లు, పొడవైన నిటారు కడ్డీని రెండు చెవులలోనుండి దూర్చి, ఆ కడ్డీ యుండగనే చుక్కలు చుక్కలుగా అతికి, కొలతలు మరల సరిచూచి, తరువాతనే పూర్తి అతుకు వేయింపవలెను.

ఇచ్చట ఒక ముఖ్య విషయము కలదు. బ్లేడు కొన కేంద్రమునుండి మూడున్నర అడుగుల దూరమున నున్నది. బంధించు బోల్టు అరయడుగు దూరమున నున్నది. కావున మట్టిలో దాగిన బండరాయి బ్లేడు కొనకు తగిలినపుడు, అచ్చటి దెబ్బ బోల్టుమీద ఏడు రెట్లై పడును. ఆ బలమున ఏదో యొకటి విఱుగక తప్పదు. విఱుగునది బోల్టు కావలెను గాని, ట్రాక్టరు లింకు కారాదు, పలక కారాదు. అందుచే ఈ బంధించు బోల్టు 16 మిల్లీమీటర్ల మెత్తని యినుముదిగా నుండవలెను. గట్టి ఉక్కు బోల్టును వేయరాదు. నాలుగైదు బోల్టులను ఎల్లపుడు పనిముట్ల పెట్టెలో నుంచుకొనవలెను. బోల్టు మాటిమాటికి తెగుచున్నదని విసిగి లావైన ఉక్కు పిన్నును దిగగొట్టు డ్రైవరు, తక్కువ వెల బోల్టును కాపాడి ఎక్కువ వెల లింకును పోగొట్టును.

ట్రాక్టరు చట్రమునకు గాని, వెనుక ఇరుసు గొట్టమునకు గాని ఎట్టి వెల్డింగును చేయరాదు, రంధ్రము వేయరాదు. బ్లేడునకు మరమ్మతు చేయునపుడు దానిని ట్రాక్టరునుండి విడదీసి చేయుటయే యుక్తము.

అలలు పడకుండుటకు ఉపాయము

ఇంటచేసిన బ్లేడులను గూర్చి తఱచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు: బాట చదును కాకపోగా అలలు అలలుగా తయారగుచున్నదని. దీనికి పనివాని లోపము కంటె ట్రాక్టరు అమరికయే ముఖ్య కారణము. ముందు వెనుక ఇరుసుల నడుమ 6 అడుగులును, వెనుక ఇరుసునుండి బ్లేడునకు 4 అడుగులును ఉన్నవనుకొందము. ముందు చక్రములు 3 అంగుళముల మిట్ట నెక్కినపుడు, ట్రాక్టరు వెనుక ఇరుసుమీద త్రాసువలె తూగి, వెనుకనున్న బ్లేడు 2 అంగుళములు క్రిందికి దిగును. ముందు చక్రములు గుంటలో పడినపుడు బ్లేడు పైకి లేచును. ఈ విధముగా పాత మిట్టపల్లములనుండి క్రొత్త మిట్టపల్లములు పుట్టుచుండును. పెద్ద గ్రేడరు యంత్రములలో బ్లేడు ముందు వెనుక చక్రముల నడుమ ఉండుటకు కారణమిదియే; అచ్చట చక్రములు ఎగిరినంతగా బ్లేడు ఎగురదు.

దీనికి విరుగుడు బ్లేడు వెనుక మూడునాలుగు అడుగుల దూరమున రెండు చిన్న చక్రములను అమర్చుట. పాత ఆటోరిక్షా చక్రములు ఇందుకు చాలును. వాని ఎత్తును మరతో సవరించునట్లు చేయవలెను. అట్లు చేసినపుడు బ్లేడు బరువు వెనుక చక్రములమీద ఆని, లోతును అవియే నిర్ణయించును. అయితే పైలింకు బిగుసుకొనియున్నచో ఈ చక్రములు తమ పని చేయజాలవు. కావున చట్రమునందు పైపిన్ను రంధ్రమును 3 అంగుళముల పొడవైన గాడిగా చేయవలెను. పిన్ను అందులో ముందు వెనుకలకు జరుగుచుండును.

చక్రములు అమర్చినను అమర్చకున్నను మఱియొక నియమము కలదు. ట్రాక్టరునందు లాగుడు బరువును బట్టి పనిముట్టును తనంతట ఎత్తు మీటయు, ఎత్తును స్థిరముగా నిలుపు మీటయు ఉండును. దున్నుటకు మొదటిది మంచిది. బ్లేడు పనికి రెండవదానినే వాడవలెను. లేనిచో నేల గట్టిగా నున్నచోట బ్లేడు లేచి, మెత్తగా నున్నచోట దిగి, తానే అలలను కల్పించును.

బాటను తీర్చు విధము

అదనును, పదునును ఎరుగనివానికి ఎంత మంచి పనిముట్టయినను కలిసిరాదు. నల్లరేగడి నేల తడిసియున్నపుడు బ్లేడును పట్టుకొని వదలదు. ఎండినపుడు ఱాయివలె నుండును. వాన వెలిసిన రెండుమూడు దినములకు, పిడికిట పట్టిన మట్టి ముద్దయై, వ్రేలితో తాకగనే పొడియగు సమయమున బ్లేడును దింపవలెను. ఎర్రనేలలయందు ఈ యదను ఇంకను త్వరగా వచ్చి త్వరగా పోవును.

బ్లేడును 30 డిగ్రీల ఏటవాలున, కుడికొన ముందుండునట్లు బంధించి, కుడివైపు లింకును దాని పిడితో త్రిప్పి కుడికొనను కొంచెము దింపవలెను. బాట కుడియంచు వెంబడి పోయినచో, అంచునందలి మట్టి దొర్లుచు బాట నడుమకు వచ్చి చేరును. తిరిగివచ్చునపుడు రెండవ యంచు సహజముగా కుడివైపునకే వచ్చును గావున బ్లేడును మార్చనవసరము లేదు. ఇట్లు రెండుమూడు చుట్లు తిరిగిన పిమ్మట నడుమ చేరిన మట్టిని, బ్లేడును నేరుగా నుంచి, పైపైన పరచవలెను. పలక తల వెనుకకు వాలియున్నచో అంచు మట్టిలోనికి దిగజూచును. తల ముందునకు వాలియున్నచో మట్టిని పరచుచు పోవును. పైలింకు పొడవును సవరించి ఈ వాలును కుదుర్చుకొనవలెను. ఏటవాలు బ్లేడు ట్రాక్టరు వెనుకభాగమును ప్రక్కకు త్రోయును గావున క్రింది లింకుల ప్రక్క గొలుసులు బిగుతుగా నుండవలెను.

బాట నడుమ ఎంత యెత్తుండవలెను? మట్టిబాటకు నూటికి నాలుగైదు పాళ్ల వాలు కావలయును. 10 అడుగుల బాటలో నడిమినుండి అంచునకు 5 అడుగులు గావున, నడుమ 3 అంగుళముల ఎత్తు చాలును. అంతకు మించినచో లోడు బండి ప్రక్కకు ఒరుగును. ఒక్కమారే లోతుగా కోయరాదు. ప్రతిమారును అంగుళము మించకుండ కోయుచు, మనిషి నడకతో సమానమైన వేగమున పోవలెను. నీరు పల్లమెరుగునన్న సామెత ఉండనేయున్నది. ప్రక్కకాలువ ఎచ్చటనో యొకచోట వాగునకు గాని మురుగుకాలువకు గాని కలియనిచో, బాట ఎంత చక్కగా తీర్చినను నీరు తిరిగి వచ్చును. కాబట్టి బ్లేడు కదలుటకు ముందు పార పట్టుకొని కాలువ మొగను తెరచుట మొదటి పని.

పొలములోపల చిన్న మిట్టలను సర్దుటకును ఈ బ్లేడు పనికివచ్చును. కాని సారవంతమైన పైమట్టిని లోతుగా గీకి ప్రక్క పల్లమున పోసినచో, గీకినచోట పైరు కొన్నియేండ్లు ఎఱ్ఱబడియుండును. మడిని అంగుళము తేడాలేకుండ చదును చేయుటకు నేడు లేజరు కిరణముల సాయముతో పనిచేయు యంత్రములున్నవి. ఆ పనికి వానినే అద్దెకు తెచ్చుకొనుట లాభము.

ప్రాణ రక్షణ

ఇక మిక్కిలి ముఖ్యమైన విషయము. మడిలో ఎడ్లు లాగు మానుమీద బరువు కొఱకు మనిషి నిలుచుటయు, పిల్లలను కూర్చుండబెట్టుటయు మనలో పాత వాడుక. ఆ వాడుకను బ్లేడు విషయమున సర్వదా మానవలెను. ఎద్దు అదలించిన నిలుచును, ట్రాక్టరు నిలువదు. బ్లేడుమీదనుండి జారినవాడు అంచు పట్టీ క్రిందనో, వెనుక చక్రముల క్రిందనో పడును. బరువు చాలనిచో ఇసుక సంచులను గట్టిగా కట్టవలెను గాని మనిషిని ఎక్కింపరాదు.

ఎత్తియుంచిన బ్లేడు క్రింద దూరి బోల్టు బిగించుట మృత్యువుతో ఆడుకొనుటయే. నూనె గొట్టము పగిలినను, ఎవరైన మీటను తాకినను 200 కిలోల యినుము ఒక్క క్షణమున క్రింద పడును. బ్లేడును నేలమీదకు దింపి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసికొని, అప్పుడు మాత్రమే చేయి పెట్టవలెను. ఎత్తియుంచియే చేయవలసిన పనియైనచో క్రింద కొయ్య దిమ్మలను పేర్చవలెను.

వెనుకకు నడుపుచు బ్లేడుతో మట్టికుప్పలను గట్టిగా నెట్టరాదు; లింకులు లాగుటకు చేయబడినవి గాని నెట్టుటకు గాదు. గట్ల వాలునందును, కాలువ యొడ్డునందును ట్రాక్టరు ఒరుగుటకు వీలున్నచోట పని మానవలెను. బ్లేడు ఎత్తినపుడు ముందు చక్రములు తేలికపడి చుక్కాని మాట విననిచో, ముందు బరువులను తగిలింపవలెను. పని ప్రారంభించుటకు ముందు బాటవెంట నడచి, భూమిలోని మంచినీటి గొట్టములను, బోరు మోటారుల తీగలను, కరెంటు స్తంభముల లాగుడు తీగలను, సర్వే ఱాళ్లను గుర్తించి, ప్రతిచోట ఒక కఱ్ఱ పాతవలెను. సర్వే ఱాయిని కదల్చుట వలన అన్నదమ్ముల నడుమ వ్యాజ్యములు పుట్టును. చట్టరీత్యా శిక్షయు కలదు.

వెల్డింగు చేయువారు నల్లద్దమును, తోలు తొడుగులను ధరింపవలెను. జస్తపు పూతగల గొట్టములను పూత గీకివేయక అతికించినచో వెలువడు పొగ వలన జ్వరము వచ్చును. నూనె నిలువయున్న మూసిన డబ్బాలను, పీపాలను గ్యాసుతో కోయరాదు, అవి ప్రేలును.

సంఘములు చేయదగిన పని

ఒక రైతునకు తన సొంత బాటపై బ్లేడుతో సంవత్సరమున నాలుగైదు దినములకు మించి పని యుండదు. తక్కిన దినములందు అది చెట్టుక్రింద త్రుప్పుపట్టుచుండును. మఱియు బాట ఒక్కని సొత్తు కాదు. నడుమనున్న ఒక్క చేనియెదుట గాడి పూడ్వకున్నను వెనుకనున్న ఇరువది చేల బండ్లు ఆగును. కావున ఇది స్వభావముననే సహకార పద్ధతికి తగిన పనిముట్టు.

ఒక గొట్టమున మూడు పలకలగునని పైన చెప్పియుంటిమి. మూడు ఇరుగుపొరుగు గ్రామముల సభ్యులు కూడి ఒకే గొట్టమును కొని, ఒకే పనివాని చేత ఒకే కొలతలతో మూడు బ్లేడులను చేయించినచో, ఖర్చు తగ్గుటయేగాక, అంచు పట్టీలు, బోల్టులు, పిన్నులు మూటికిని ఒకటే యగును. ఒక యూరిదానికి ఏదైన లోపము కలిగినపుడు పొరుగూరినుండి తెచ్చుకొనవచ్చును.

మేము సూచించు ఏర్పాటు ఇది. బ్లేడు సంఘము సొత్తుగా నుండవలెను. దాని సంరక్షణమునకు ఒక సభ్యుని నియమింపవలెను. ఒక పుస్తకమున ఎవరు, ఏ దినమున, ఎన్ని గంటలు వాడిరో, ఎన్ని బోల్టులు తెగెనో వ్రాయవలెను. సొంత పొలముపనికి వాడువారు గంటకింతయని రుసుము చెల్లింపవలెను. ఆ రుసుము అంచు పట్టీలకును, మరమ్మతులకును వినియోగింపబడవలెను. ఉమ్మడి బాటల పనికి రుసుము లేదు. ట్రాక్టరు నూనె ఖర్చును మాత్రము ఆ బాటను వాడు రైతులు తమ తమ యెకరముల చొప్పున పంచుకొనవలెను. పంచాయతీకి చెందిన బాటయైనచో ముందుగా వారి యనుమతిని వ్రాతమూలకముగా పొందవలెను. సంవత్సరమునకు మూడుమార్లు తప్పక బాటను తీర్చవలెను: రోహిణి కార్తెలో వానలకు ముందు కాలువలు తెరచుటకు ఒకమారు, తొలకరి వానలు వెలిసిన పిమ్మట పదునులో ఒకమారు, పంట కోతలకు ముందు ఒకమారు.

బురదలో దిగబడిన బండిని లాగుటకు పదిమంది భుజము పట్టుట మన పల్లెలలో ఎల్లపుడు జరుగుచున్నదే. ఆ పదిమందియే బండి దిగబడుటకు ముందు ఒక దినము కలిసి, కాలువ మొగ తెరచి, బ్లేడును నడిపినచో, ఆ కష్టము ప్రతి యేటను రాకుండును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చి, తమ గ్రామమున ఏ బాట మొదట బాగుపడవలెనో నిర్ణయించుకొనవలసినదిగా సభ్య సోదరులను కోరుచున్నాము.